దొడ్డిలో అడుగుపెట్టిన ఆడమనిషి

"మళ్ళీ మొదటినుంచి పెట్టు," అంది బులెల్వా.

లాయరు లోయిసో లాప్‌టాప్ మీద వేలు నొక్కాడు. ఆ వీడియో చూడడం వాళ్ళకి కొత్త కాదు.

ఎదురు కొండ మీదనుంచి దొంగచాటుగా తీసిన వీడియో అది. ఒక పశువుల దొడ్డి నోరు మాత్రం కనిపిస్తుంది. దానికి అడ్డంగా పెట్టిన బరువైన దుంగలు. గనిలో వేసుకునే నీలం బట్టలు తొడుక్కుని, వెడల్పాటి టోపీ పెట్టుకున్న మనిషి వీపు ఇటు తిప్పి ఆ దుంగల్ని ఒక్కొక్కటే ఎత్తి పక్కన పడేస్తుంటాడు. ఎక్కడా ఆయాసపడడు, ఎక్కడా నడుం పట్టుకోడు. కాసేపటికి ఒక స్త్రీ దొడ్డిలోకి నడిచి వెళ్ళి అతని చేతికి పులిసిన పాల చెంబు ఇస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె మొహం అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది.

ఆ స్త్రీ నోసాఖే. ఇప్పుడు ఇదే గుడిసెలో, గోడకి ఆనుకుని, చాప మీద కూర్చుని ఉంది. ఆమె మొగుడు వెలిలే చంకకర్రలు ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. గనిలో పైకప్పు రాయి విరిగి అతని వెన్ను మీద పడింది. నిలబడితే కాళ్ళు వణుకుతాయి, కూర్చుంటే నడుం మండుతుంది. వైకల్య పింఛను కోసం కార్మికుల నిధికి పెట్టుకున్న దరఖాస్తుని ఆ నిధి కొట్టేసింది. డాక్టర్ల కాగితాలు ఎన్ని ఉన్నా, ఈ ఒక్క వీడియో చూపించి, తన దొడ్డిలో దుంగలెత్తే మనిషికి పింఛను ఎందుకని అడిగింది. ఉచిత న్యాయ సహాయ కేంద్రం తరఫున లోయిసో అప్పీలు వేశాడు. రేపు పొద్దున్నే ఉమ్‌టాటా పట్నంలో విచారణ. అదీ పోతే ఇక పైన అడిగే చోటు లేదు.

బులెల్వా ఆ కేంద్రానికి ఆరా తీసిపెట్టే మనిషి. పోలీసు శాఖలో డిటెక్టివ్‌గా పనిచేసి పదవీ విరమణ చేసింది. వంశం పేరు పెట్టి అందరూ ఆమెని మాబేలే అంటారు.

"వెలిలే, ఆ మనిషి నువ్వేనా?"

"కాదని చెప్పాను కదక్కా."

"మరెవరు?"

"నాకేం తెలుసు? వీడియో తీసింది నేను కాదుగా."

"నీ పెళ్ళాం ఎవరికి పాలు పోస్తుందో నీకు తెలీదా?"

వెలిలే చంకకర్ర చివరితో నేల మీద గీత గీశాడు. బులెల్వా నోసాఖే వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు తల్లీ. పాలు తాగింది ఎవరు?"

"గుర్తు లేదమ్మా."

"రోజూ ఎవరెవరికో పోస్తుంటావా, గుర్తుండకపోవడానికి?"

"దాహమన్నవాళ్ళకి పోస్తాం."

లోయిసో లాప్‌టాప్ మూసేశాడు. "అమ్మా, నువ్విలా మాట్లాడితే రేపు నేను అక్కడ నిలబడి ఏం చెప్పాలి? మా మనిషికి గుర్తు లేదండీ, పింఛను ఇచ్చెయ్యండి అనాలా?"

ఇద్దరూ అబద్ధమే చెబుతున్నారని బులెల్వాకి తెలిసిపోయింది. అబద్ధం చెప్పేవాళ్ళు మామూలుగా తమకి లాభం వచ్చేటట్టు చెబుతారు. వీళ్ళ అబద్ధం మాత్రం వీళ్ళ నోటి దగ్గర కూడే లాగేస్తోంది. ఎందుకని?

గోడకి ఒక ఫొటో వేలాడుతోంది. ఇద్దరు మగవాళ్ళు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, ఇద్దరూ నీలం గని బట్టల్లో. ఒకడు వెలిలే.

"ఈ రెండోవాడు?"

"నోసాఖే వాళ్ళ అన్న. ఫకమీలే. ఒకే షిఫ్టు మాది." వెలిలే చంకకర్రలు పక్కకి జరుపుకున్నాడు. "నన్ను రాళ్ళ కిందనుంచి లాగింది వాడే. తర్వాత ఎటో వెళ్ళిపోయాడు. కేప్‌టౌన్ అంటారు."

"ఎవరు అంటారు?"

"జనం."

బులెల్వా లేచింది. "దొడ్డి చూపించండి."

దొడ్డి గుడిసెలకి ఎదురుగా, ముంగిలికి అవతల ఉంది. వైద్యం కోసం పశువులన్నీ అమ్మేశారు. లోపల మోకాళ్ళ ఎత్తు గడ్డి పెరిగింది. గేటు దుంగలు రెండు మాత్రం మిగిలాయి. వీడియోలోవి ఇవేనా అంటే ఔననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఈ చుట్టుపక్కల ప్రతి దొడ్డికీ ఇలాంటి దుంగలే. బులెల్వా బయటే ఉండి కంచె వెంట నడిచింది. లోయిసో మాత్రం వెలిలేని అడిగి లోపలికి వెళ్ళి, గడ్డిలో అటూ ఇటూ తిరిగి, ప్యాంటుకి ముళ్ళు అంటించుకుని వచ్చాడు.

"ఏముంది?"

"ముళ్ళున్నాయి," అన్నాడు లోయిసో.

అప్పుడే కొండ మీదనుంచి గాలి ఒక్క ఊపున వీచింది. గుమ్మం దగ్గర చంకకర్రల మీద నిలబడ్డ వెలిలే టోపీ ఎగిరి, ముంగిలి దాటి, దొడ్డిలో పడింది. నోసాఖే దానికోసం వెళ్ళింది. తిన్నగా వెళ్ళలేదు. గుడిసెల వెనకనుంచి తిరిగి, దొడ్డి పక్కకి వచ్చి, పొడుగాటి కర్ర ఒకటి ఏరుకుని కంచె సందులోంచి లోపలికి పెట్టింది. కర్ర కొస టోపీ అంచుకి తగిలినట్టే తగిలి జారిపోతోంది. ఆమె ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ లాగుతోంది. పక్కనే గేటు తెరిచి ఉంది. లోపల ఒక్క దూడ కూడా లేదు.

బులెల్వా కదలకుండా చూసింది.

అత్తవారింటి దొడ్డిలో కోడలు కాలు పెట్టదు. దొడ్డికీ పెద్ద గుడిసెకీ మధ్య ముంగిలిని అడ్డంగా దాటదు. ఆ ఇంటి పెద్దలు, చనిపోయినవాళ్ళతో సహా, అక్కడ ఉంటారు. బులెల్వా కూడా తన అత్తవారింట్లో ఇన్నేళ్ళూ వెనకనుంచే తిరిగింది. చర్చిలో మోకరిల్లేటప్పుడు ఒక్కోసారి అనుకునేది, ఆడదాని పాదం తగిలితే అలిగే దేవుడు ఉంటాడా అని. అయినా కాలు మాత్రం పెట్టలేదు. అలవాటైపోయిన సంగతి కంటికి ఆనదు కాబోలు. అందుకే వీడియో అన్నిసార్లు చూసినా ఆమెకి తట్టలేదు.

ఖాళీ దొడ్డిలోంచి టోపీ తియ్యడానికి కర్ర వెతుక్కునే మనిషి, ఆ వీడియోలో ఎంత ధీమాగా దొడ్డిలోకి నడిచి వెళ్ళింది. అలా నడవగలిగేది ఒక్క చోటే. తను పుట్టిన ఇంట్లో. కూతురికి అడ్డు లేదు.

అంటే అది ఆమె తండ్రి దొడ్డి. అక్కడ దుంగలెత్తేది ఆ ఇంటి కొడుకు.

కారు దగ్గరికి వచ్చేసరికి నోసాఖే వెనకే వచ్చింది. బులెల్వా మొహం చూసి ఆమెకి అర్థమైపోయినట్టుంది.

"అమ్మా, దొడ్డి సంగతి వాళ్ళకి చెప్పండి. ఆ మనిషి సంగతి మాత్రం వదిలెయ్యండి."

"ఎందుకు? పుట్టింట్లో ఉన్నావని తెలిస్తే ఏమవుతుంది? మొగుడు మంచాన పడితే వదిలేసి పోయిందని ఊరు అనుకుంటుందనా?"

నోసాఖే నోరు తెరిచింది. గుమ్మంలో వెలిలే ఆమెని పిలిచాడు. ఆమె వెనక్కి చూసి, మళ్ళీ ఇటు తిరిగి, "ఓడిపోయినా ఫరవాలేదమ్మా," అని మాత్రం అంది.

"నేను ఓడిపోవడానికి రాలేదు తల్లీ," అంది బులెల్వా.

*

మర్నాడు విచారణ గది బయట వరండాలో స్కేయి కనిపించాడు. నిధి తరఫున వీడియో తీసినవాడు అతనే. ఒకప్పుడు పోలీసు శాఖలో బులెల్వా పక్క బల్ల అతనిది. ఆమె పట్టుకున్న దొంగని తను పట్టుకున్నట్టు రాసుకుని పైకెక్కాడు. ఇప్పుడు సొంత ఏజెన్సీ, మెరిసే బూట్లు.

"ఏం మాబేలే, ఇంకా గురువారం గురువారం ఎర్ర జాకెట్టు వేసుకుని ప్రార్థనకి పోతున్నావా?"

"పోతున్నా. నీ పేరు కూడా చదువుతున్నా."

"చదివితే ఫలితం కనిపిస్తుందిలే. కొత్త కారు కొన్నాను."

"కొండెక్కి చాటునుంచి కుంటివాళ్ళని ఫొటోలు తీస్తే కారు వస్తుందని తెలిస్తే నేనూ ఎక్కేదాన్ని."

"నీ మోకాళ్ళు ఎక్కనివ్వవు." అతను నవ్వాడు. "నీ దగ్గర ఏముంది ఇవాళ? డాక్టరు కాగితాలేగా. అవి వాళ్ళు చూసేశారు."

"లోపల చెబుతా."

"చెప్పు, చెప్పు. అన్నీ చెప్పు." ఆ మాట అతను కాస్త మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనం బులెల్వాకి నచ్చలేదు. కానీ తలుపు తెరిచి లోపలికి పిలిచారు.

మిగతా సాక్షుల్ని బయటే ఉంచారు. నోసాఖే వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది.

లోపల ముగ్గురు సభ్యులు. మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్న అధ్యక్షురాలు, కేప్‌టౌన్ వైపునుంచి వచ్చిన మనిషి. ఆమెకి కుడి పక్కన ఒక ముసలి డాక్టరు, ఈ నేల మీద పుట్టినవాడే. ఎడమ పక్కనున్న గుమాస్తాలాంటి మనిషి నోరు విప్పలేదు.

వీడియో వేశారు. లోయిసో లేచి, "స్కేయి గారూ, మీ నివేదికలో, తన ఇంటి దొడ్డిలో దరఖాస్తుదారుడు, అతని భార్య అని రాశారు. మొహం కనిపించని మనిషిని దరఖాస్తుదారుడని ఎలా గుర్తుపట్టారు?" అని అడిగాడు.

"భార్యని బట్టి. మొగుడు కాక ఇంకెవరికి అంత ప్రేమగా పాలు ఇస్తుంది?"

"ఆ దొడ్డి అతనిదేనని ఎలా తెలుసు?"

"మళ్ళీ భార్యని బట్టే."

లోయిసో కూర్చుని బులెల్వాకి సైగ చేశాడు. ఆమె నిలబడి, నిన్న చూసింది చూసినట్టు చెప్పింది. టోపీ, గాలి, కర్ర, కోడలు కాలు పెట్టని దొడ్డి. దండిగా మాటలు వాడలేదు. అధ్యక్షురాలు పెన్ను కింద పెట్టి ముసలి డాక్టరు వైపు తిరిగింది.

"ఇది నిజమేనా డాక్టరు గారూ? ఆమె వెళ్ళదా?"

"మా అమ్మ నలభై ఏళ్ళు కాపురం చేసింది," అన్నాడాయన. "మా నాన్న దొడ్డి లోపల ఎలా ఉంటుందో తెలియకుండానే పోయింది. పేడ కావాలంటే మేం పిల్లలం తెచ్చి ఇచ్చేవాళ్ళం." వీడియోలో ఆగి ఉన్న బొమ్మని ఆయన ఇంకోసారి చూశాడు. "ఈ అమ్మాయి కోడలు కాదు. ఈ దొడ్డికి కూతురు."

వెలిలే కళ్ళు మూసుకుని ఉన్నాడు. గెలిచాం అనుకుంది బులెల్వా. స్కేయి లేచాడు.

"బాగుంది మేడమ్. కథ చాలా బాగుంది. కానీ పుట్టింటి దొడ్డిలో అల్లుడు పని చెయ్యకూడదని ఎక్కడా లేదే. అతను మామగారింటికి వెళ్ళి దుంగలెత్తాడు. కాదంటే, ఆ మనిషి ఎవరో చెప్పమనండి."

"అది అవసరం లేదు," అన్నాడు లోయిసో.

"ఎందుకవసరం లేదు? పేరు లేని మనిషి దుంగలెలా ఎత్తుతాడు? మాబేలే అప్పుడూ అంతే. సగం దాకా తవ్వుతుంది, మిగతా సగం ఇంకొకళ్ళు తవ్వాలి."

ఆ మాట గురి తప్పలేదు. పాత గాయం మీదే పడింది. దేవుడు మనిషికి తెలివి ఇచ్చినప్పుడే నాలుకకి కళ్ళెం కూడా ఎందుకు ఇవ్వలేదో ఆయనకే తెలియాలి. బులెల్వా అతని కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"అతనికి పేరుంది. ఫకమీలే. నోసాఖేకి తోడబుట్టిన అన్న. వెలిలేతో ఒకే షిఫ్టులో పనిచేశాడు. ఆ నీలం బట్టలు ఆ గనివే. ఇప్పుడు తండ్రి ఇంట్లోనే ఉన్నాడు."

చంకకర్ర నేల మీద పడి గట్టిగా చప్పుడైంది. వెలిలే సగం లేచి నిలబడి ఉన్నాడు. "అక్కా, వద్దు," అన్నాడు, అప్పటికే అయిపోయిన దానికి. లోయిసో అతన్ని పట్టుకుని కూర్చోబెట్టాడు. నొప్పికి లేచాడనుకున్నారు అందరూ. సిగ్గుకి అనుకుంది బులెల్వా.

స్కేయి కాదనలేదు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఫైలు మూసి, "నేను అడగాల్సింది అయిపోయింది మేడమ్," అని చెప్పి, సెలవు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సభ్యులు చాలాసేపు గుసగుసగా మాట్లాడుకున్నారు. అధ్యక్షురాలు చదివింది: నిధి చేసిన తిరస్కరణ రద్దు. వీడియోలో ఉన్నది దరఖాస్తుదారుడని రుజువు కాలేదు. వైద్య నివేదికల మీద పింఛను మంజూరు. ప్రమాదం జరిగిన నాటినుంచి లెక్క కట్టి ఇవ్వాలి. లోయిసో బల్ల కిందనుంచి బులెల్వా చెయ్యి నొక్కాడు. వెలిలే తల ఎత్తలేదు.

బులెల్వా మెట్ల దగ్గరికి వచ్చింది. "గెలిచాం తల్లీ. మొత్తం ఇస్తారు."

నోసాఖే లేవలేదు. "పేరు చెప్పారా?"

"ఏమిటి?"

"మా అన్న పేరు చెప్పారా అమ్మా?"

బులెల్వా చూపు దించుకుంది. చెప్పాల్సిన పని లేకపోయింది. నోసాఖే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందులోంచి మాటలు ఒక్కొక్కటీ వచ్చాయి. పైకప్పు పగులుతోందని ఫకమీలే ముందే చెప్పాడు. అయినా లోపలికి దిగమని షిఫ్టు పెద్ద తోశాడు. ఆ మాట విన్నవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. గని ప్రమాదం మీద విచారణ జరిపే అధికారికి చెబుతామన్నారు. ఒకణ్ణి టాక్సీ స్టాండు దగ్గర కాల్చారు. రెండోవాడు పనికని వెళ్ళి ఇంటికి రాలేదు. అప్పటినుంచీ ఫకమీలే కేప్‌టౌన్‌లో ఉన్నాడని ఊరంతా ఒకే మాట మీద ఉంది.

"స్కేయి మా ఊళ్ళో అందర్నీ అడిగాడమ్మా. ఎవ్వరూ చెప్పలేదు. దూరంనుంచి చూస్తే మా అన్నో కాదో అతనికీ తెలీలేదు."

బులెల్వా మెట్టు మీద కూలబడింది. స్కేయి పుట్టింది ఇక్కడికి రెండు కొండల అవతల. అతని తల్లి కూడా గుడిసెల వెనకనుంచే తిరిగింది. కోడలు దొడ్డిలోకి వెళ్ళదని అతనికి తెలియక కాదు. తెలిసే అలా రాశాడు. పింఛను కోసం ఈ ఇంటి తరఫు మనిషి ఎవరో ఒకరు ఆ తప్పు పట్టుకుని, కాదు, వాడు ఫలానా అని అంటారని. అందరి ఎదుటా, రికార్డులో. ఆ మాట గనివాళ్ళకి అమ్ముకోవచ్చని. దానికి తగిన మనిషి తన పక్క బల్ల దగ్గరే పదేళ్ళు కూర్చుంది.

వీధిలో అతని కొత్త కారు లేదు.

"ఇంటికి ఫోన్ చెయ్యి," అంది బులెల్వా.

నోసాఖే స్పీకరు పెట్టి నంబరు నొక్కింది. అవతల ఒక ముసలి గొంతు పలికింది. "ఎవరే? నువ్వా బిడ్డా? ఇప్పుడే అనుకుంటున్నా. ఎవరో ఇద్దరొచ్చారు. నిధి వాళ్ళంట. మీ ఆయన పింఛను కాగితం మీద మీ అన్న సంతకం కావాలంట."

"అమ్మా, అన్న ఎక్కడ?"

"దొడ్డిలో పేడ ఎత్తుతున్నాడు. ఆ కంపుతో పెద్దమనుషుల ముందుకి ఏం వస్తాడని, ఇంకా రాలేదు కూర్చోండన్నాను. ముంగిట్లో బల్ల మీద కూర్చున్నారు. టీ పెడుతున్నా."

దొడ్డి రాతి గోడ వెనక అతను వంగి ఉన్నాడు కాబట్టి వాళ్ళకి ఇంకా కనిపించలేదు. నడుం ఎత్తితే చాలు.

"అమ్మా, కేక వెయ్యొద్దు. వాళ్ళు అన్నని చంపడానికి వచ్చారు. నువ్వు దొడ్డిలోకి వెళ్ళు."

చాలా చిన్నగా, "నేనా?" అంది ముసలావిడ. "నేనీ ఇంటి కోడల్నే బిడ్డా."

బులెల్వా ఫోన్ తీసుకుంది. "అమ్మా, నేనూ ఒకింటి కోడల్నే. మీ పెద్దలకి కోపం వస్తే అది నా మీదికి రానీ, ఇది నా నోరు చేసిన పని. వెనకనుంచి తిరిగే టైము లేదు. తిన్నగా ముంగిట్లోంచి నడవండి. అబ్బాయి చెవిలో చెప్పండి, వెనక గోడ దూకి పారిపొమ్మని. ఫోన్ చేతిలోనే ఉంచండి."

కెటిల్ కింద పెట్టిన చప్పుడైంది. తలుపు కిర్రుమంది. మట్టి మీద అడుగులు, మెల్లగా, ఆగకుండా.

"టీ ఏదమ్మా?" దూరంగా మగ గొంతు.

"పాలు తెస్తున్నా నాయనా. దొడ్డిలోంచి."

లోయిసో అప్పటికే కారు తెచ్చి మెట్ల ముందు ఆపాడు. బులెల్వా ఎక్కలేదు. ఫోన్ చెవికి నొక్కుకుని కళ్ళు మూసుకుంది. ఈ ముప్ఫై ఏళ్ళలో ఆమె చేసిన ప్రార్థనల్లో ఇలాంటిది లేదు. తండ్రీ, ఆ ఇద్దరూ పట్నంలో పుట్టినవాళ్ళే అయి ఉండాలి. ముసలి కోడలు దొడ్డి వైపు నడిస్తే అందులో వింతేముందని అనుకునేవాళ్ళే అయి ఉండాలి.

దుంగ ఒకటి పక్కకి జరిగింది. ఆవు ఒకటి బుస కొట్టింది. ముసలావిడ ఊపిరి ఒక్కసారి ఆగి, మళ్ళీ సాగింది. లోపలికి అడుగు పెట్టింది.

అప్పుడు వెనక, ముంగిట్లో, బల్ల కిర్రుమంది. ఎవరో లేచి నిలబడ్డారు.